దీపం కొండెక్కిందని చెప్పాను

వెడల్పు ఆకాశం తయారుచేసిన ఆటల కంపెనీ వారికి, బాయి ఊరు మూడో లెవల్, తుమ్మ గల్లీ నుంచి దుర్గం ఓదేలు రాసేది.

ముందుగా మీరు నన్ను క్షమించాలి. నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతాయి. బాయి బడిలో ఐదో తరగతితో ఆపాను. తర్వాత సంతకానికి తప్ప పెన్ను పట్టింది లేదు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను. వెలుగు ఆఫీసులో రవళిక అనే అమ్మాయి ఉంది. జరిగింది జరిగినట్టు రోజువారీగా రాయమని, పైకి తాను పంపుతానని ఆమే చెప్పింది. మొదటి నాలుగు రోజులవీ తర్వాత గుర్తుచేసుకుని రాసినవి. మిగతావి ఏ రోజువి ఆ రోజే. కోపంలో రాసినచోట కోపం కనపడుతుంది. చెరపలేదు.

సోమవారం

నా భార్య మదునవ్వకు చూపు పోయి చాలా కాలమైంది. ముఖాలు కనపడవు. అక్షరం కనపడదు. ఎండ ఎక్కడుందో, నీడ ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. ఆమెకు అదే చాలు. పొద్దున మా గల్లీలో రేకుల నీడ నేల మీద గీత గీసినట్టు పడుతుంది. గీత మా తలుపు దగ్గర మొదలై పంపు దగ్గర ఆగుతుంది. ఎడమ కాలు ఎండలో, కుడి కాలు నీడలో వేసుకుంటూ పోయి, బిందె నింపుకుని వస్తుంది. చెయ్యి పట్టుకోబోతే విదిలిస్తుంది.

ఆ ఎండ మీరు ఇచ్చిందే. అది ఒప్పుకోవాలి. భూమి కింద ఈ బాయిలో మాకు ఆకాశం ఎక్కడిది, మీది రాకముందు మా నెత్తిన తెల్ల లైటు పట్టీలుండేవి. గల్లీ కనపడేట్టు పెడితే ఇల్లు నల్లగా మునిగేది. ఇల్లు కనపడేట్టు పెడితే గల్లీ సున్నం కొట్టినట్టు తెల్లబోయేది. రెండూ ఒక్క చూపులో ఇమిడేవి కావు. మీరొచ్చి, ఇది పిల్లల వీడియో ఆటల్లో అడవులకూ కోటలకూ పెట్టిన వెలుగు, దీని వెడల్పు, అంటే ఎండకూ చీకటికీ మధ్య ఎడం, ఎక్కువ, ఇక మీద మీరూ దీని కిందే బతుకుతారు అన్నారు. నవ్వుకున్నాం. కానీ పెట్టిన రోజు స్టీలు బిందె మీద ఎండ పడి కళ్ళు చిట్లించాం. అదే చూపులో మంచం కింద చీకటి చీకటిగానే ఉంది, ఆ చీకట్లో నా చెప్పు కూడా కనపడింది. మదునవ్వ తలుపులో నిలబడి, "ఎండొచ్చిందయ్యా" అంది. అప్పటికి ఆమె గడప దాటి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

ఈ పొద్దున ఆమె పంపు దగ్గర బిందె కడుగుతుండగా మా గల్లీ మీది సూర్యుడి పట్టీ టప్పున పోయింది. నేను గల్లీ చివర చెవి పెట్టె దగ్గరికి పోయాను. ఫిర్యాదులు దానితోనే చెప్పాలి. ఎవరూ లేకుండా చూసుకుని నోరు తెరిచాను.

"మా గల్లీల దీపం కొండెక్కింది" అన్నాను.

ధన్యవాదాలు, మీ ఫిర్యాదు అర్థమైంది అని పెట్టె చెప్పింది. కాసేపటికి పట్టీ వెలిగింది. మదునవ్వ ఇంటికి వచ్చింది. రోజుకంటే మెల్లగా వచ్చింది. నేను పట్టించుకోలేదు.

మంగళవారం

వెలుగు తగ్గింది. ఒక్క మా గల్లీకే తగ్గింది. పక్క గల్లీలో ఎండ ఎండలాగే ఉంది.

మళ్ళీ పెట్టె దగ్గరికి పోయాను. సూర్యుడు ఉండీ లేనట్టున్నాడు కదా, అది కూడా దీపం కొండెక్కినట్టే అనుకున్నాను. ఆ మాటే చెప్పాను. మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. మధ్యాహ్నానికి వెలుగు ఇంకా తగ్గింది.

గురువారం

మా ఎదురింటి కొమురెల్లికి నోరు ఎక్కువ. నీకు చెప్పడం రాదురా, నువ్వు గోడకు చెప్పినట్టు చెప్తవు అని నన్ను పక్కకు జరిపి, ఆయన పోయి చెప్పాడు. ఆయన ఇంట్లో కొండెక్కింది అనరు, పెద్దదైంది అంటారు. "మా గల్లీ దీపం పెద్దదైంది" అని గట్టిగా చెప్పాడు. జైనబీ ఆమె భాషలో చెప్పింది. వాళ్ళలోనూ చిరాగు, అంటే దీపం, పోయిందనరు, పెంచారంటారట. ముగ్గురు ముసలోళ్ళం మూడు రకాల మర్యాదగా చెప్పి వచ్చాం.

సాయంత్రానికి మా గల్లీలో సూర్యుడు పాత రూపాయి బిళ్ళలా ఉన్నాడు.

కొమురెల్లి ఊరుకోలేదు. మళ్ళీ పోయి, "లైటు పోయింది" అన్నాడు. పోయిన వస్తువుల ఫిర్యాదులు కాపలా గదిలో ఇవ్వాలని పెట్టె చెప్పింది. దొంగ మీ నెత్తి మీదనే ఉన్నడు అని దాన్ని తిట్టి వచ్చాడు. ఆ తిట్టును అది ఏమని రాసుకుందో తెలియదు.

నేను ఇంకొక మాట ప్రయత్నించాను. "గల్లీల చీకటిగుంది" అన్నాను. ఇది సరిగ్గా పనిచేస్తుందనుకున్నాను. పెట్టె వెంటనే పని మొదలుపెట్టింది. ఎండను పెంచలేదు. నీడలన్నీ తెల్లబరిచింది. మంచం కింద, రేకుల కింద, మనిషి వెనక, ఎక్కడా చీకటి లేదు. నెత్తిన ఎండ లేదు, కాళ్ళ దగ్గర నీడ లేదు. గల్లీ అంతా గంజి పోసినట్టుంది. నాకు అన్నీ కనపడుతున్నాయి. మదునవ్వకు ఏమీ కనపడటం లేదు.

ఆమె తలుపు దగ్గర నిలబడి కుడి కాలు ముందుకు పెట్టింది, వెనక్కి తీసుకుంది. ఎడమ కాలు పెట్టింది, వెనక్కి తీసుకుంది.

"గీత యాడుందయ్యా" అంది.

ఇక్కడే ఉంది అని చూపిద్దామన్నా అక్కడ లేదు.

శనివారం

ఈ రోజు నడక సార్లు వచ్చారు. మీకు తెలుసో లేదో, మా బాయి ఊళ్ళో ముసలివాళ్ళకు ఒక రూలు ఉంది. తలుపు నుంచి పంపు దాకా ఎవరి సాయమూ లేకుండా పోయి రావాలి. రాలేనివాళ్ళను మొదటి లెవల్‌లో ఆసరా హాలుకు మారుస్తారు. మొగుణ్ణి వెంట ఉండనివ్వరు. ఆదివారం పోయి అద్దం అవతల నుంచి చూసి రావాలి. మంచి తిండి పెడతారంటారు. మా గల్లీ నుంచి పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఇంతకుముందు ప్రతిసారీ మదునవ్వ సార్ల ముందు బిందె ఊపుకుంటూ పోయి వచ్చేది. ఒకసారి పెద్ద సారును, నువ్వు ఎండల నిలబడ్డవు బిడ్డా, పక్కకు జరుగు, నా దారి అది అని జరిపింది కూడా.

ఈ రోజు పది అడుగులు కూడా వేయలేదు. గీత వెతుక్కుంటూ ఎడమకు, ఎడమకు పోయి కొమురెల్లి అరుగుకు మోకాలు కొట్టుకుని పడింది. బిందె దొర్లిపోయింది. నేను పరుగెత్తబోతే సారు చెయ్యి అడ్డం పెట్టాడు. సాయం చేస్తే పరీక్ష చెల్లదట. ఆమె నేల మీద చేతులు పెట్టి తడుముకుంటుంటే మేమందరం నిలబడి చూశాం.

వెలుగు సరిగా లేదు సారూ, ఆ వెలుగు ఉంటే నడుస్తుంది అని కొమురెల్లి చెప్పాడు. నేను చెప్పాల్సింది. సారు పైకి చూసి, వెలుగు బాగానే ఉంది, అన్నీ కనపడుతున్నాయి, ఎక్కువైందని మీ గల్లీవాళ్ళే చెప్పారని, మీరు కోరినట్టే తగ్గించారని రాసి ఉంది అన్నాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ చూస్తారట. అదే ఆఖరు.

మేము ఏం కోరామో నాకు అర్థం కాలేదు.

మోకాలికి పసుపు పెట్టాను. బిందె సొట్ట పోయిందా అని మదునవ్వ అడిగింది.

సోమవారం

వెలుగు ఆఫీసుకు పోయాను. చాలాసేపు తలుపు బయట నిలబడ్డాను. రవళిక అనే అమ్మాయి చూసి లోపలికి పిలిచి కుర్చీ వేసింది. నా ఫిర్యాదు తెర మీద తీసి చదివింది. చదువుతూ ఆమె ముఖం మారిపోయింది.

"తాతా, దీపం కొండెక్కిందని చెప్పినవా?"

అవునన్నాను.

"మిషను ఏమని రాసుకుందో ఎరికేనా? దీపం కొండ మీదికి ఎక్కింది, బాగ ఎత్తుకు పోయింది, వెలుగు మస్తు ఎక్కువైంది అని. పోయిన పట్టీ దానంతట అదే మల్ల వెలిగింది గని, నువ్వు చెప్పిన కొద్దీ అది వెలుగు దించుకుంట వచ్చింది."

కొమురెల్లి పెద్దదైంది అన్నదానికీ, జైనబీ చెప్పినదానికీ అంతే. మేము ముగ్గురం దీపం లేదని మర్యాదగా చెబితే, ముగ్గురికీ దీపం ఎక్కువైందని రాసుకుంది. చీకటిగా ఉంది అన్నదానికి కింద ఉన్న చీకటిని పైకి ఎత్తింది. పైనుంచి దించుతూ, కిందనుంచి ఎత్తుతూ, వెడల్పు మొత్తం నొక్కేసింది. దోసెడు వెడల్పు కూడా మిగల్లేదని రవళిక చేతులు దగ్గరగా పెట్టి చూపించింది.

నాకు ఒళ్ళు మండింది. అమ్మాయి మీద కాదు. కొండెక్కింది అంటే తెలియనివాడు ఈ బాయిలో చంటిపిల్లాడు కూడా లేడు. మా నెత్తిన ఆకాశం పెట్టడానికి వచ్చినవాళ్ళు, మా నోట్లో మాట ఏమిటో ఒక్క ముసలమ్మనయినా అడగొద్దా. ఆటలోని సూర్యుడికి కళ్ళు చిట్లించేటంత వెడల్పు పెట్టారు. ఆ పెట్టె చెవికి వెడల్పు పెట్టలేదు.

మరి ఇప్పుడేం చెయ్యాలని అడిగాను. ఆమె చేతిలో తాళం లేదట. ఫిర్యాదు తెరిచినవాడి గొంతే వినాలట. దీపం మొత్తం మొదటికి రావాలంటే మిషనుకు తెలిసిన మాట ఒకటే ఉంది. ఆ మాట ఆమె కూడా పైకి అనలేదు. తెర మీద వేలు పెట్టి చూపించింది. నేను చదివి లేచి వచ్చేశాను.

అప్పుడే ఆమె వెనక నుంచి వచ్చి, ఇదంతా రాసి ఇవ్వమంది. మాట నేర్పాల్సింది కంపెనీవాళ్ళేనట. ఆమె రెండుసార్లు రాసిందట. జవాబు రాలేదట.

మంగళవారం

ఆ మాట ఏమిటో మీకు చెప్పాలి. మీకు అది మామూలు మాట.

బాయిలో నిప్పు నిషేధం. అగ్గిపెట్టె దొరికితే జైలే. ఇళ్ళలో నూనె దీపం పెట్టడం మా అమ్మ కాలంలోనే పోయింది. దీపం పోయినా దీపం మర్యాద పోలేదు. సందె పట్టీలు వెలగగానే గల్లీలో అందరం చేతులు జోడిస్తాం. పట్టీ పోతే కొండెక్కింది అంటాం. ఆ ఇంకొక మాట బాయిలో దీపానికి వాడరు. మనిషికి వాడతారు. మా నాయన పని చేసే చోట గాలి చెడిపోయిన రోజు, మైకులో వచ్చింది ఆ ఒక్క మాటే. ఫలానా గుల్లలో, అంటే తవ్వే గదిలో, దీపం అది అయింది అన్నారు. పేరు చెప్పలేదు. మా అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, నెమ్మదిగా గోడకు ఆనుకుంది. అప్పటి నుంచి ఆ మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

మదునవ్వకు ఆఫీసు సంగతి చెప్పాను. ఆమె మోకాలు నిమురుకుంటూ విన్నది.

"అనకు" అంది.

శుక్రవారం సార్లు వస్తారు కదా అన్నాను.

"రానీ. కొండెక్కింది అంటె ఎక్కినది దిగొస్తదని. గా ఇంకో మాట అంటె ఇగ రానే రాదని. గట్ల ఎట్లంటవు?"

నువ్వు ఆసరా హాలుకు పోతే నేనేం కావాలని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అంతలో ఆమే అంది.

"నేను బోతె నీకు కూర ఎవలు జేస్తరు. నీకు నోరుంటె గదా పక్కింట్ల అడుక్కునేటందుకు."

ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వలేదు.

బుధవారం

పొద్దున్నే పోయాను. ఆమెకు చెప్పలేదు. గల్లీలో కొమురెల్లి పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి ఏమిటన్నట్టు తల ఎగరేశాడు. నేను పెట్టె ముందు నిలబడ్డాను. అది మీ ఫిర్యాదు చెప్పండి అంది. నేను చెప్పలేదు. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగాక చెప్పాను.

"మా గల్లీల దీపం ఆరిపోయింది."

కొమురెల్లి పుల్ల నోట్లోంచి తీసేశాడు. ఆయన ఏదైనా అంటాడనుకున్నాను. ఎగతాళి చెయ్యడం ఆయనకు ఊపిరి లాంటిది. ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

పట్టీలన్నీ ఒక్కసారి పోయాయి. కటిక చీకటి. తర్వాత మెల్లగా, పిల్లలు కళ్ళు తెరిచినట్టు తెరుచుకున్నాయి. నా కళ్ళు సర్దుకునేసరికి పంపు మీద ఎండ తళుక్కుమంది. చూడలేక తల తిప్పుకున్నాను. తిప్పుకున్న వైపు రేకుల కింద నల్లగా నీడ ఉంది. మధ్యన గీత.

మీ వెలుగు బాగుంది. దాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

శుక్రవారం

సార్లు వచ్చారు. మదునవ్వ సొట్ట పోయిన బిందె తీసుకుని గడప దిగింది. ఎడమ కాలు ఎండలో, కుడి కాలు నీడలో. పంపు దగ్గర బిందె నింపి, నడుముకు ఎత్తుకుని, తిరిగి వచ్చింది. సారు గీత మీద నిలబడ్డాడు. ఆమె అతని ముందు ఆగి, "ఎప్పుడొచ్చినా నా దారిల్నె నిలవడ్తవు" అంది. సారు జరిగాడు. కాగితం మీద సొంత నడక ఉంది అని రాశాడు. పోయినసారి ఎందుకు పడిందని అడగలేదు. నేను చెప్పబోయాను. అప్పటికే పక్క ఇంటికి పోయాడు.

సాయంత్రం సందె పట్టీలు వెలిగాయి. గల్లీలో అందరూ చేతులు జోడించారు. నా చేతులు పైకి లేవలేదు. నోటితో ఆ మాట అన్నవాడిని, చేతులతో ఏమని మొక్కాలి. లుంగీ సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను. మదునవ్వకు నా చేతులు కనపడవు కదా అనుకున్నాను.

అందరూ లోపలికి పోయాక ఆమె అంది.

"అన్నవు గదా ఆ మాట."

అన్నానన్నాను. వెలుగు వచ్చిన పొద్దునే ఆమెకు తెలిసిందట. రెండు రోజులు నేను చెబుతానేమో అని చూసిందట.

"నీ వంతు గూడ నేనే మొక్కిన తీ" అని లోపలికి పోయింది. రొట్టె పెట్టింది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. కానీ కొమురెల్లి ఇప్పటికీ నాతో హాస్యమాడటం లేదు. ఎదురైతే తల వంచుకుని పోతున్నాడు, దినాల ఇంట్లో మనిషిని చూసినట్టు.

శనివారం

రాసింది మదునవ్వకు చదివి వినిపించాను. కూర సంగతి తీసేయమంది. తీసేయలేదు.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది. రవళిక నాకు తెర మీద మిగతా గల్లీలు కూడా చూపించింది. ఐదో లెవల్‌లో రెండు గల్లీలు గంజి వెలుతురులో ఉన్నాయి. ఏడో లెవల్ చివర ఇంకొకటి. అక్కడా ఎవరో ముసలివాళ్ళు పెట్టె ముందు నిలబడి కొండెక్కింది, పెద్దదైంది అని చెబుతూనే ఉన్నారు. అది దించుతూనే ఉంది. అక్కడి గల్లీల్లో కూడా గీత పట్టుకుని నడిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో ఆ మాట అనమని నేను పోయి చెప్పలేను. నా నోటితో ఇంకొకరి ఇంటి దీపాన్ని ఆర్పించలేను.

మీరు తెలివిగలవారు. ఆకు సందులోంచి ఎండ పడితే నేల మీద చుక్కలు ఎట్లా వణకాలో కూడా మీకు తెలుసు. గుడ్డి వెలుతురులోంచి ఎండలోకి వస్తే కళ్ళకు ఎంతసేపు నొప్పి పెట్టాలో కూడా లెక్క కట్టారు. రవళిక చెప్పింది. అంత లెక్క కట్టినవారికి ఒక్క మాట నేర్పడం బరువు కాదు. కొండెక్కింది అంటే ఇప్పుడు లేదు అని, మళ్ళీ వస్తుంది అని. రెండూ ఒక్క మాటలోనే ఉన్నాయి. మీ వెలుగులో ఎండా నీడా ఒక్క చూపులో ఇమిడినట్టే. ఇది మీకు ఎందుకు అర్థం కాలేదో నాకు అర్థం కాలేదు.

నా భార్య కోసం ఒక్కసారి అన్నాను. మళ్ళీ అనను. మీ పట్టీలు ఎప్పటికీ పోకుండా ఉండవు. మళ్ళీ పోయిన రోజు నేను పెట్టె ముందు నిలబడి కొండెక్కిందనే చెబుతాను. అది దించుతుంది. నడక సార్లు మళ్ళీ వస్తారు. ఈ ముసలావిడ నడవాల్సి ఉంటుంది.

ఆ రోజు రాకముందే జవాబు రాయండి. తొందరగా రాయండి. అక్షరాలు పెద్దవిగా ఉంటే మంచిది, నేనే చదివి వినిపించాలి.

దుర్గం ఓదేలు
తుమ్మ గల్లీ, పంపు నుంచి చూస్తే గీత ఆగే చివరి ఇల్లు